తాడుకు బంగారు రంగు

మా అమ్మాయి మంచం మీద బోర్లా పడుకుని లావుపాటి బొమ్మల పుస్తకం ఒకటి చదువుతోంది. బొమ్మల పుస్తకం అంటే దానికి కోపం వస్తుంది కాబట్టి కామిక్ అంటాను. పక్కన నిలబడి ఒక పేజీ చూశాను. నూరేళ్ళు నిద్రపోయిన రాజకుమారి కథ. నాకు తెలిసినంతవరకు ఆ కథ ఆమె నిద్ర లేవడంతో అయిపోతుంది. ఈ పుస్తకంలో అసలు సంగతి లేచాకే మొదలైంది. కోటలో మిగతావాళ్ళు కొందరు లేవలేదు. లేచినవాళ్ళను చూస్తే లేవకపోతేనే బాగుండేదనిపించేలా ఉన్నారు. ముళ్ళతీగలు గోడల మీద కాక మనుషుల మెడల్లోంచి మొలుస్తున్నాయి. "ఇది పిల్లల పుస్తకమేనా?" అన్నాను. "పిల్లల కథ నాన్నా, పిల్లల పుస్తకం కాదు" అంది. వయసు పదమూడు. మాటకు మాట అప్పజెప్పడంలో వాళ్ళమ్మ పోలిక.

ఊరుకుంటే పోయేది. కానీ ఆ ముళ్ళ నలుపు మీద నా కళ్ళు ఆగిపోయాయి. "ఇది ఉత్త నలుపు కాదు. కింద ఎవరో ముదురు ఊదా నింపారు" అన్నాను. అమ్మాయి తల తిప్పింది. "నీకెట్లా తెలుసు?" "ఒకప్పుడు నేనూ నింపాను. ఇట్లాంటి పుస్తకానికే." అది లేచి కూర్చుంది. నా మాట విని మా ఇంట్లో ఒకరు లేచి కూర్చోవడం ఈ మధ్య కాలంలో జరగలేదు. "ఏ పుస్తకం? కథేంటి?" అని అడిగింది. తెలియదన్నాను. నువ్వు పనిచేసిన పుస్తకం కథ నీకు తెలియదా అంది. నా వంతుకు వచ్చిన పేజీల మేరకు తెలుసన్నాను. ఎవరూ పట్టుకెళ్ళని సామానును చూసినట్టు నన్ను ఒకసారి చూసి మళ్ళీ బోర్లా పడుకుంది. దానికి ఆ సంగతి అక్కడితో అయిపోయింది. నాకు కాలేదు.

డిగ్రీ పూర్తి చేసి, ఇంటి దగ్గర ఖాళీగా ఉండటంలో కొంత ప్రావీణ్యం సంపాదించిన రోజులవి. మేడ్చల్‌లో చర్చి వెనక సందులో మా ఇల్లు. నాయిన బస్సు డ్రైవరు. దూలపల్లిలో రంగులు నింపే పని ఒకటి ఉందని ఎవరో చెబితే వెళ్ళాను. రెండంతస్తుల ఇల్లు. కింద సీసా మూతలు తయారుచేసే చిన్న ఫ్యాక్టరీ, పైన మేము. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కింద మిషను గుండె కొట్టుకున్నట్టు దబ్బుదబ్బుమనేది. కరిగిన ప్లాస్టిక్ వాసన మెట్లెక్కి మాతోపాటు కూర్చునేది. ఇంటికి వెళితే అమ్మ నా చొక్కా వాసన చూసి "బక్కెట్ల దుకాణంల పండినవా రా?" అనేది. గాలి జవహర్‌నగర్ చెత్తకుప్పల వైపు నుంచి వీచిన రోజున మాత్రం మా యూనిట్ వాసన సెంటు కొట్టినట్టుండేది. అట్లాంటి రోజుల్లో ఎవరూ సెలవు పెట్టేవారు కాదు.

పని ఏమిటంటే, ఏదో దేశంలో ఎవరో కామిక్ పుస్తకానికి నల్లటి గీతలతో బొమ్మలు గీస్తారు. అవి మాకు కంప్యూటర్లో వస్తాయి. గౌనుకు ఒక రంగు, జుట్టుకు ఒకటి, తలుపుకు ఒకటి, ఇట్లా ఒక్కో జాగాలో ఒక్కో రంగును గీత దాటకుండా పరిచి పంపాలి. వాటి మీద వెలుగునీడలు వేసే అసలు కళాకారుడు ఇంకెక్కడో ఉంటాడు. ఇంటికి పెయింటు వేసేముందు సున్నం కొట్టేవాళ్ళుంటారే, వాళ్ళం మేము. మాటలు చివర్లో చేరుస్తారు కాబట్టి మా దగ్గరికి వచ్చేటప్పటికి బొమ్మలన్నీ మూగవే. అందరూ నోళ్ళు తెరిచి ఉంటారు, ఎవరేమంటున్నారో తెలియదు. దానికి తోడు పేజీలు వరసగా వచ్చేవి కావు. పన్నెండో పేజీ నాకు వస్తే పదమూడు ఇంకొకరికి, పద్నాలుగు బహుశా ఇంకో ఊరికి. పుస్తకం పేరుండేది కాదు, ఒక నంబరుండేది. ప్రతి పుస్తకంతో ఒక కాగితం వచ్చేది, ఎవరి జుట్టు ఏ రంగు, ఎవరి కోటు ఏ రంగు అని. అందులో లేనిదాన్ని అడగాలి. అడిగితే జవాబు మర్నాటికి వచ్చేది. యూనిట్ నడిపే మా ప్రభాకర్ సార్‌కు అడగడం నచ్చేది కాదు. "కథతోటి మనకేం పనయా? గీత దాటకుంట నింపుడే మన పని. కథ గావాల్నంటే సినిమాకు పో" అనేవాడు.

అట్లా అన్నాక కథ మీద ఆసక్తి పుట్టకుండా ఉంటుందా? పైగా అదేమంత మామూలు కథ కాదు. చిన్నప్పుడు ఇంగ్లీషు వాచకంలో చదువుకున్నదే, బుట్ట పట్టుకుని అడవిలో ఉన్న అవ్వ ఇంటికి వెళ్ళే పిల్ల, దారిలో తోడేలు. కానీ వాచకంలో ఆ పిల్ల నవ్వుతూ ఉండేది. ఇందులో నవ్వదు. వాచకంలో చెట్లు చెట్లలాగే ఉండేవి. ఇందులో కొమ్మలు వేళ్ళలా వంగి ఆమె జడను ముట్టుకోబోతాయి. తోడేలు రెండు కాళ్ళ మీద నిలబడి, కోటు తొడుక్కుని, అవ్వ ఇంటి తలుపు కొడుతుంది. ఆ తలుపు కొట్టే చేతికి మనిషి వేళ్ళున్నాయి, గోళ్ళు శుభ్రంగా కత్తిరించి ఉన్నాయి. ఆ గోళ్ళకు రంగు వేసింది నేనే. అర పూట పట్టింది. భయపడుతూ వేశానని చెప్పను గానీ, కింద మిషను ఆగితే బాగుండునని మొదటిసారి అనిపించింది.

నా పక్క కుర్చీ సుభద్రది. కాకినాడ వైపు వాళ్ళు. నాన్నకు బదిలీ అయితే వచ్చి దుండిగల్ దగ్గర కొత్త కాలనీలో ఉండేవారు. బొమ్మలు వేస్తుంది, బాగా వేస్తుంది. సార్‌కు తెలియకుండా ఒక నోటుబుక్కు పెట్టుకుని, తన వంతుకు వచ్చిన ప్రతి పేజీని అగ్గిపెట్టంత బొమ్మగా గీసుకునేది. మధ్యాహ్నం డబ్బాలు విప్పినప్పుడు మిగతావాళ్ళ పేజీల సంగతి అడిగి వాటినీ చేర్చేది. ముందు వెనకలు సరిచేస్తూ, బాణాలు గీస్తూ, గోంగూర మరకలతో ఆ కథను తయారుచేసింది. ఆమె కథను చూడటం కోసమే నేను డబ్బా పక్కన పెట్టుకుని కూర్చునేవాణ్ణి. గోంగూర సంగతి కూడా ఉంది, కాదనను.

ఆమెకు వాళ్ళ నాన్న మూడు నెలల గడువిచ్చాడు. ఆలోగా ఉద్యోగం ఖాయమైతే సరే, లేకపోతే విజయవాడలో పిన్ని ఇంట్లో ఉండి బ్యాంకు పరీక్షల కోచింగుకు వెళ్ళాలి. ఈ మాట ఆమె ఏడుపు లేకుండా, బస్సు టైము చెప్పినట్టు చెప్పింది. "లెక్కలంటే నాకు భయం లేదండీ. ఇక లెక్కలే ఉంటాయంటేనే భయం" అంది. చిక్కేమిటంటే, యూనిట్లో కొత్తవాళ్ళం మేమిద్దరమే. "ఇద్దరు మంచిగనే చేస్తున్నరు గని సీటు ఒక్కటే ఉన్నది. ఈ పుస్తకం అయినంక చూస్త" అని సార్ ముందే చెప్పాడు. నాకు ఆ సీటు మీద మరీ అంత ఆశ లేదు. ఉన్నట్టు కనిపించేవాణ్ణి, అది మర్యాద కదా అని. మా ఇంట్లోనూ ఆ ఉద్యోగానికి పెద్ద గౌరవం లేదు. "చిన్నప్పుడు గోడలకు రంగులేస్తే కొడితిని. గిదే కొలువైతదని తెలిస్తే కొట్టకపోదును" అనేవాడు నాయిన. బయట ఎవరైనా అడిగితే మావోడు కంప్యూటర్ పని చేస్తడని చెప్పేవాడు. అబద్ధమేమీ కాదు.

నా ఉద్యోగాన్ని ఉద్యోగంగా చూసింది ఇంట్లో అవ్వ ఒక్కతే. నాయినకు అమ్మ. పుట్టింది, పెరిగింది, ముప్పై ఏళ్ళు కోళ్ళఫారంలో పనిచేసింది శామీర్‌పేటలో. ఒంట్లో చాతనైనన్నాళ్ళూ అక్కడే ఉండి, తర్వాత మా దగ్గరికి వచ్చింది. సాయంత్రం అయిదింటికి వెనక గడపలో కాళ్ళు చాపుకుని, చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరేది. బియ్యంలో రాళ్ళు రావడం మానేసి చాలా కాలమైందని అమ్మ ఎంత చెప్పినా వినేది కాదు. వెతికేవాళ్ళు లేకపోతే మళ్ళీ వస్తాయని ఆమె నమ్మకం. చాయ్ సాసర్లో పోసుకుని చప్పుడు చేస్తూ తాగేది. ప్రార్థన గట్టిగా చేసేది, అందులో వాడకట్టు వాళ్ళ తగాదాలన్నీ పేర్లతో సహా దేవుడికి చెప్పేది. ఆమె ప్రార్థన మొదలుపెడితే పక్కింటివాళ్ళు టీవీ సౌండు తగ్గించేవారు, తమ పేరు వస్తుందేమోనని. నేను దూలపల్లి నుంచి వచ్చి మొహం కడుక్కోగానే, అంగట్లో ఏమొచ్చిందని అడిగినట్టు, "ఇయ్యాల ఏమొచ్చింది?" అనేది. ఆ రోజు నేను నింపిన పేజీ చెప్పాలి.

తోడేలు తలుపు కొట్టిన సంగతి చెప్పిన రోజున అవ్వ చేతిలో చేట ఆగింది. "తోడేలు తలుపు కొట్టదు బిడ్డా. నేను సూసిన. మా చిన్నప్పుడు గుట్టల్లకెళ్లి వచ్చి గొర్రెపిల్లలను ఎత్కవోతుండె. అది అడగకుంట వస్తది, అడగకుంట పోతది. తలుపు కొట్టి, పేరువెట్టి పిలిచెటోడు మనిషే" అంది. మర్నాడు ఈ మాట సుభద్రకు చెప్పాను. ఆమె మౌసు వదిలేసింది. "మీ నాన్నమ్మగారు భలేవారండీ బాబూ! నాకు వీపు జలదరించింది" అని నోటుబుక్కు తీసి, తోడేలు బొమ్మ పక్కన ప్రశ్నార్థకం పెట్టింది. అప్పటినుంచి అవ్వ మా యూనిట్లో జీతం లేని ఉద్యోగి. పొద్దున నేను వెళ్ళగానే సుభద్ర అడిగే మొదటి మాట, "నాన్నమ్మగారు ఏమన్నారు?"

ఒక శనివారం సార్ బావమరిది పెళ్ళికి కరీంనగర్ వెళ్ళాడు. ఆ సాయంత్రం నాలుగింటికి పేజీలు పంపాలి. మిగిలినవాటిలో ఒకటి నాది, ఒకటి సుభద్రది. రెండింటిలోనూ ఒకే ఊరేగింపు. ముందు ఆ పిల్ల నడుస్తోంది. పొడవాటి గౌను, మొహం మీద పల్చటి ముసుగు, చేతుల్లో పూలు. వెనక ఊరు ఊరంతా కొవ్వొత్తులు పట్టుకుని వస్తోంది. దూరాన చర్చి, దాని పక్కన సమాధులు. రంగుల కాగితంలో ఆ గౌను గురించి ఒక్క ముక్క లేదు. అడిగి జవాబు తెప్పించుకునే టైము లేదు. సార్ ఫోను పెళ్ళి బాజాలో ఎవరికి వినిపిస్తుంది? సుభద్ర నా వైపు వంగి, "ముసుగు అమ్మాయి గౌను తెలుపే కదండీ?" అంది. "తెలుపే" అన్నాను. ఇద్దరం ఒకే మాట మీదికి రావడం సంతోషంగా కూడా అనిపించింది. తెలుపు ఎందుకని ఆమె నన్ను అడగలేదు, నేను ఆమెను అడగలేదు. అడగడానికేముంది? మా అమ్మ పెళ్ళి ఫోటోలో తెల్ల చీర, తల మీద తెల్ల ముసుగు, చేతిలో పూలు. మా చర్చిలో ఏ పెళ్ళికూతురైనా అంతే. ఆ పిల్ల పెళ్ళికూతురు కాదేమోనన్న అనుమానం కూడా నాకు రాలేదు. ఇక సుభద్రకు, ఆమె పుట్టిన ఇంట్లో, తెల్లబట్ట కట్టి మొహం దాచుకుని సమాధుల వైపు నడిచే ఆడది విధవ కాక ఎవరు? ఆమెకూ అనుమానం రాలేదు.

కాబట్టి నేను పెళ్ళి చేశాను. ఆకాశానికి లేత బంగారు రంగు, పూలకు ఎరుపు, పిల్ల బుగ్గలకు గులాబీ. ఆమె చేతుల నుంచి పూల కిందుగా ఒక నాడా లాంటిది వెనక్కి వేలాడుతోంది. పండగ కదా అని దానికీ బంగారు రంగే వేశాను. మా యూనిట్లో ఒక పద్ధతుంది, ఎవరి పేజీ వాళ్ళు పంపకూడదు, పక్కవాళ్ళు చూసి కాగితంలో సంతకం పెట్టాలి. నా పేజీ సుభద్ర చూసింది. కాసేపు చూసి, "దయాకర్ గారూ, ఈ అమ్మాయి బుగ్గలు ఇలా ఎర్రగా ఉన్నాయేంటండీ?" అని అడిగింది.

ఇది సరైన ప్రశ్న. ఆ రోజు మొత్తం మీద మా యూనిట్లో ఎవరైనా అడిగిన సరైన ప్రశ్న ఇదొక్కటే. దానికి నేను చెప్పిన జవాబు ఇది: "వాళ్ళ ఊళ్ళో మూడు రోజులుగా కరెంటు లేదండీ. ఊరంతా కొవ్వొత్తులు పట్టుకుని సబ్‌స్టేషన్ మీదికి పోతున్నారు. ముందు నడిచే మనిషికి ఆ మాత్రం కోపం ఉండదా?"

సుభద్ర పకపకా నవ్వింది. చుట్టుపక్కల ఇద్దరు ముగ్గురు నవ్వారు. నవ్వుతూనే సంతకం పెట్టి, తన పేజీకి తిరిగింది. ఆమెది పూర్తయ్యేసరికి నాలుగుకు అయిదు నిమిషాలు. ఇంకొకరు చూసే టైము లేక ఆ పేజీ అట్లాగే వెళ్ళిపోయింది. నేను జోకు బాగా పేలినందుకు హుషారుగా షేర్ ఆటో ఎక్కాను.

సోమవారం సార్ పెళ్ళి భోజనం మొహంతో వచ్చి, కంప్యూటర్ తెరిచి, కాసేపటికి ఆ మొహం మార్చుకున్నాడు. క్లయింటు రాసింది రెండు ముక్కలు. ఇవి ఎదురెదురు పేజీలు, ఒకే ఊరేగింపు. ఎడమ పేజీలో చావు, కుడి పేజీలో పెళ్ళి ఎందుకున్నాయి? సార్ రెండింటినీ ఒకే తెర మీద పక్కపక్కన పెట్టాడు. అందరం లేచి వెళ్ళి చూశాం. సుభద్ర పేజీలో ఆకాశం బూడిద రంగు, పూలు వాడిపోయిన ఊదా, ఊరివాళ్ళ మొహాలు మట్టి రంగు, పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు. నా పేజీలో అదే పిల్ల, అదే తెల్ల గౌను, రెండడుగులు ముందుకు వేసేసరికి బుగ్గలు పూసి ఉంది. ముందు అందరూ నవ్వారు. సార్ సంతకాల కాగితం తీశాక ఆపారు.

"దయాకర్ పేజీ ఎవరు చూసిన్రు?"

"నేనే సార్" అంది సుభద్ర.

"గీ పక్క పేజీ ఎవరు చేసిన్రు?"

"అదీ నేనే సార్."

"అయితే రెండూ చూసింది నువ్వొక్కదానివే గదమ్మా. కళ్ళు యాడ వెట్టినవ్? డౌట్ రాలేదా? పక్కన మనిషున్నడు, అడుగుడు గూడ కష్టమేనా?"

అడిగానని సుభద్ర ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. సార్ కాగితం మీద ఆమె పేరు రాసి, "రేపు పొద్దుగాల వాళ్ళకు పంపాలె, తప్పెవరిదని. నన్ను పరేషాన్ చేస్తున్నరు మీరు" అని లోపలికి వెళ్ళాడు. ఆమె నా వైపు చూడలేదు. చూసి ఉంటే నేను మాట్లాడేవాణ్ణేమో అని చాలా ఏళ్ళు అనుకున్నాను. ఈ మధ్య అట్లా అనుకోవడం మానేశాను.

సాయంత్రం అవ్వ, "ఇయ్యాల ఏమొచ్చింది?" అంది. పేజీ గురించి చెప్పడం తేలిక కాబట్టి పేజీ గురించే చెప్పాను. పెళ్ళో చావో తేలడం లేదని. అవ్వ చేట ఊపుతూ విన్నది.

"పిల్ల చేతులల్ల ఏమున్నది?"

"పూలు."

"పూల కింద?"

"నాడానో ఏదో. రిబ్బన్ అనుకో."

"గా రిబ్బన్ ఇంకో కొస యాడుంది?"

నేను కళ్ళు మూసుకున్నాను. దానికి రంగు నింపింది నేనే, మూల మూలలా తెలుసు. ఆ నాడా పిల్ల రెండు మణికట్ల చుట్టూ తిరిగి, గౌను మడతల పక్కనుంచి వెనక్కి వెళ్ళి, టోపీ పెట్టుకున్న ఊరిపెద్ద పిడికిట్లో ఆగుతుంది. "వెనక ఒక ముసలాయన చేతుల ఉంది అవ్వా" అన్నాను.

"పెండ్లిపిల్లను ఎవలన్న తాడు గట్టి తోల్కవోతరా? మ్యాకను తోల్కవోతరు." అవ్వ చేటలోంచి ఒక మెరిగె రాయి ఏరి పడేసింది. "పెండ్లి గాదు, సావు గాదు బిడ్డా. ఆ పిల్లను తోడేలుకు పంపుతున్నరు. ఊరోళ్ళకేమో పండుగ. దానికేమో పానం మీదికి వచ్చింది."

తాడుకు బంగారు రంగు వేశానన్నమాట. మూగబొమ్మలో సమాధానం అంత పెద్దదిగా గీసి ఉంటే, ఇద్దరం చదువుకున్నవాళ్ళం దాని మీద రంగు పూసి పంపాం. ఆ ఊపులో మిగతాది కూడా చెప్పేశాను, సుభద్ర అడిగిన ప్రశ్న, నా జోకు, సార్ రాసిన పేరు, ఆమె వెళ్ళాల్సిన విజయవాడ. జోకు చెప్పినప్పుడు అవ్వ కూడా నవ్వింది. నవ్వాక అడిగింది.

"గా సారు గా పిల్లను అంటున్నప్పుడు నువ్వేమన్నవ్?"

"ఏమనలే."

"యాడున్నవ్?"

"ఆడనే. ఎనక నిలవడ్డ."

అవ్వ మళ్ళీ చేట అందుకుంది. "అంటే గా ఊరోళ్ళ లెక్కనే అన్నట్టు. దీపం వట్టుకోని ఎనక నిలవడ్డవ్."

ఆ పూట ప్రార్థనలో నా పేరు వస్తుందేమోనని విన్నాను. రాలేదు. దేవుడి దాకా తీసుకెళ్ళే కేసు కాదని ఆమె అనుకుందో, నేనే తేల్చుకోవాలనుకుందో తెలియదు.

మంగళవారం అందరికన్నా ముందు వెళ్ళాను. కింద మిషను ఇంకా మొదలుకాలేదు. సార్ కుర్చీలో కూర్చుని చాయ్ తాగుతున్నాడు. ముందు తాడు చూపించాను. పేజీని పెద్దది చేసి, మణికట్టు నుంచి పిడికిలి దాకా వేలుతో గీసి చూపించాను. సార్ గ్లాసు కింద పెట్టి, "అరె, అవును రా భై. గిది తాడే" అన్నాడు. తర్వాత రెండోది చెప్పాను. సుభద్ర అడిగింది, తప్పు నాది, కాగితంలో పేరు మార్చండి అని. సార్ నా మొహంలోకి చూసి నవ్వాడు. "పొద్దు పొద్దుగాల్నే షురూ చేసినవా? పో, పోయి పని చూసుకో."

తాడు సంగతి నమ్మాడు, నా సంగతి నమ్మలేదు. చేరిన రోజు నుంచి చిన్నదానికీ పెద్దదానికీ జోకు వేసే మనిషి ఒక రోజు వచ్చి నిజం చెబితే ఎవరు మాత్రం ఏం చేస్తారు? నిజం సార్, అన్నాను. ఇంకా నవ్వాడు. ఒట్టు సార్, అన్నాను. గట్టిగా నవ్వాడు. నాకు ఇంకో దారి తోచలేదు. చేతులు కట్టుకుని నిలబడి, "బుగ్గలు ఎందుకు ఎర్రగున్నయని ఆమె అడిగింది సార్. నేనిచ్చిన జవాబు ఇది" అని, మూడు రోజుల కరెంటు, కొవ్వొత్తులు, సబ్‌స్టేషన్, కోపం, అన్నీ వరసగా, పాఠం అప్పజెప్పినట్టు చెప్పాను. సార్ పడీ పడీ నవ్వాడు. మధ్యలో ఆగాడు. గ్లాసు వైపు చూశాడు, నా వైపు చూశాడు. ఎవరూ అడగకుండా అట్లాంటి జోకు పుట్టదని తెలిసింది కాబోలు. "గా పిల్ల నిజంగనే అడిగింది," అన్నాడు మెల్లగా. "అడిగితే నువ్వు గిది చెప్పినవ్."

"చెప్పిన సార్."

"సంతకం వెట్టింది ఆమెనే గద మరి?"

"అడిగినంకనే వెట్టింది. నేను నవ్విచ్చిన, సార్."

సార్ పెన్ను తీసి సుభద్ర పేరు కొట్టేశాడు. దాని కింద నా పేరు రాశాడు. సీటు ఒక్కటే కాబట్టి ఇంకా మాట్లాడుకోవాల్సింది ఏమీ లేదు. "మంచిగ నవ్విస్తవ్ గని..." అని మొదలుపెట్టి పూర్తి చేయకుండా చాయ్ అందుకున్నాడు. వారం చివరిదాకా ఉండమన్నాడు. ఆ రోజే వెళ్తానన్నాను. వీరత్వం కాదు, సుభద్ర మొహం వారమంతా చూడటం ఇష్టం లేక.

మెట్ల మీద ఎదురైంది. గోడకు ఆనుకుని దారిచ్చాను. ఆమె ఎక్కకుండా అక్కడే ఆగింది. కింద అబ్బాయెవరో మిషను ఆన్ చేశాడు. తాడు సంగతి చెప్పాను, అవ్వ కనిపెట్టిందని. సుభద్ర రెండు చేతులతో నోరు మూసుకుంది. "నేను దానికి నల్ల రంగు వేశానండీ. జపమాల అనుకున్నాను" అంది. తర్వాత మిగిలింది కూడా చెప్పాను, నాలుగు ముక్కల్లో. ఆమె థాంక్స్ అనలేదు, కోప్పడలేదు. నన్ను పరీక్షగా చూసి, "మీరు జోకు వేయకుండా మాట్లాడితే అస్సలు బాగోలేదండీ" అని పైకి వెళ్ళిపోయింది.

మరుసటి వారం ఫోన్ చేసి చెప్పింది, అది తాడేనని క్లయింటు ఒప్పుకున్నాడని, రెండు పేజీలూ తనే మళ్ళీ చేసిందని. విజయవాడ ప్రయాణం తప్పింది. చివరి పేజీలు మాత్రం వేరే ఊరి యూనిట్‌కు పోయాయట, ఆ పిల్ల ఏమైందో ఆమెకూ తెలియలేదు. సుభద్ర ఆ కుర్చీలో చాలా ఏళ్ళు ఉంది. తర్వాత అడుగు రంగులు మానేసి వెలుగునీడలు వేసే పనికి ఎదిగింది. నాకు ఆ తర్వాత ఎవరూ నవ్వని సర్కారు ఆఫీసు ఒకటి దొరికింది. నాయిన దాన్ని నలుగురిలో ధైర్యంగా చెప్పుకున్నాడు.

ఇప్పుడు అడుగు రంగులు నింపడానికి మనుషులు అక్కర్లేదట. మిషనే రెప్పపాటులో పరిచేస్తుందట, గీత దాటకుండా. మంచిదే. తాడుకు అది ఏ రంగు వేస్తుందో చూడాలని ఉంది. దాన్ని పక్క కుర్చీలోంచి బుగ్గలు ఎందుకు ఎర్రగా ఉన్నాయని అడిగేవాళ్ళు ఉంటారో లేదో తెలియదు. మా రోజుల్లో అడిగేవాళ్ళు ఉండేవారు, అదొక్కటీ గట్టిగా చెప్పగలను. జవాబు చెప్పేవాళ్ళ సంగతి నన్ను అడక్కండి. శామీర్‌పేటలో అవ్వ చూసిన గుట్టల్లో చాలా వాటిని కొట్టి కంకర చేశారు, తోడేళ్ళ మాట ఎత్తేవాళ్ళు లేరు. తలుపు కొట్టి పేరు పెట్టి పిలిచేవాళ్ళకు మాత్రం కొదవలేదు, వాళ్ళు ఇప్పుడు ఫోన్లో పిలుస్తున్నారు. అవ్వ ఉంటే వాళ్ళకు ఏం చెప్పి ఉండేదో వినాలని ఉంటుంది.

ఆఫీసులో నాకు నెమ్మదస్తుడని పేరుంది. మాట అడిగితే వెంటనే బదులివ్వడని, కాస్త మొద్దని కూడా అంటారు. అది నిజం కాదు. ఎవరైనా ఏదైనా అడిగినప్పుడు ముందు నోటిదాకా వచ్చేది ఇప్పటికీ జోకే. దాన్ని మింగి, వాళ్ళు అడిగింది ఏమిటో ఒకసారి చూసి, అప్పుడు జవాబు చెబుతాను. చెప్పిన జవాబు కన్నా మింగిన జోకే చాలాసార్లు బాగుంటుంది.